స్పెల్‌లో -2147483648 రాస్తే ఎర్రర్ ఎందుకు?

ప్రశ్న:
బిల్లింగ్ రూల్స్‌ని యామల్ (సెట్టింగ్స్ రాసుకునే టెక్స్ట్ ఫార్మాట్) ఫైల్లో పెట్టి, జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ వాళ్ల ఎక్స్‌ప్రెషన్ భాష స్పెల్‌తో నడుపుతున్నాం. మూడు చోట్ల ఆగిపోయాం. -2147483648 రాస్తే "2147483648ని ఇంట్‌గా (జావాలో మామూలు పూర్ణాంక రకం) చదవలేను" అంటోంది. జావాలో అది చెల్లే విలువే కదా? జీఎస్టీకి బిల్లు మొత్తాన్ని (18 / 100)తో గుణిస్తే సున్నా వస్తోంది. 'ఓ'బ్రయన్' లాంటి పేరు తగిలితే పార్సర్ (ఎక్స్‌ప్రెషన్‌ని చదివే భాగం) ఒప్పుకోవట్లేదు. ఎలా రాయాలండీ?

జవాబు 1:
స్పెల్‌కి మైనస్ అంకెలో భాగం కాదండీ, విడి ఆపరేటర్. ముందు 2147483648ని ఇంట్‌గా చదవబోతుంది. ఇంట్ గరిష్ఠం 2147483647, అందుకే మైనస్ సంగతి చూడకముందే ఎర్రర్ పడుతుంది. జావా కంపైలర్‌లో ఈ ఒక్క సంఖ్యకి మినహాయింపు ఉంది, ఇక్కడ లేదు. -2147483647 - 1 అని రాయండి, సరిపోతుంది. హెక్స్‌లో (16 ఆధారంగా రాసే సంఖ్యల్లో) ఎనిమిది ఎఫ్‌లు రాసి -1 వస్తుందనుకోవద్దు, అదీ ఇదే ఎర్రర్. 5000000001 లాంటి పెద్ద ఐడీలకి చివర క్యాపిటల్ ఎల్ తగిలిస్తే లాంగ్ (ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే పూర్ణాంక రకం) అవుతుంది. చిన్న ఎల్ కూడా చెల్లుతుంది గానీ చూడ్డానికి 1లా ఉంటుంది.

జవాబు 2:
18, 100 రెండూ ఇంట్‌లే కాబట్టి భాగహారం 0 దగ్గరే తెగిపోతుంది. 0.18 అని రాయండి. చుక్క ఉన్న లిటరల్ (ఎక్స్‌ప్రెషన్‌లో నేరుగా రాసిన విలువ) డబుల్ అవుతుంది, అంటే దశాంశాల్ని ఉజ్జాయింపుగా ఉంచే రకం, కాబట్టి 0.1 + 0.2 అంటే 0.30000000000000004 వస్తుంది. అయితే గుణకారంలో రెండో విలువ బిగ్‌డెసిమల్ (దశాంశాల్ని కచ్చితంగా ఉంచే జావా రకం) అయితే భయం లేదు: స్పెల్ 0.18ని ముందు స్ట్రింగ్‌గా చేసి, దాన్నుంచి బిగ్‌డెసిమల్ చేస్తుంది. 999.50 × 0.18 కచ్చితంగా 179.9100. బిల్లు మొత్తాన్ని బిగ్‌డెసిమల్‌గానే పంపండి. భాగహారంలో మాత్రం జాగ్రత్త. రెండు వైపుల్లో ఎక్కువ దశాంశ స్థానాలు దేనికుంటే ఫలితానికీ అన్నే, మిగతాది రౌండ్ అయిపోతుంది. 10.00ని 3తో భాగిస్తే 3.33 దగ్గరే ఆగుతుంది.

జవాబు 3:
కోట్ లోపల కోట్ కావాలంటే రెండుసార్లు కొట్టాలి: 'ఓ''బ్రయన్'. బ్యాక్‌స్లాష్ పనికిరాదు. అసలు చిక్కు యామల్‌తో. దాని సింగిల్ కోట్స్‌కీ ఇదే నియమం, ఒక పొర అదే తినేస్తుంది. అప్పుడు '''ఓ''''బ్రయన్''' అని రాయాల్సి వస్తుంది. ఎవరూ తప్పు లేకుండా చదవలేరు. విలువ చోట |- గుర్తు పెట్టి ఎక్స్‌ప్రెషన్‌ని కింది లైన్లో రాస్తే యామల్ కోట్స్ జోలికి రాదు.

ఆ పేరు యూజర్ టైప్ చేసిందైతే మాత్రం లిటరల్‌గా అతికించకండి, వేరియబుల్‌గా పంపండి. అతికిస్తే వాళ్లు రాసిందంతా కోడ్‌గా నడిచే ప్రమాదం ఉంది.