అడగడానికేమీ లేనప్పుడు స్వామి ముందు ఏం చేయాలి?

అలిపిరి అమ్మమ్మ:
మాది తిరుపతే. మా అమ్మాయికి పెళ్లయి చాలా ఏళ్లు బిడ్డల్లేరు. బిడ్డ పుడితే అలిపిరి నుంచి మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటా ఎక్కి, తలనీలాలిస్తానని మొక్కుకున్నా. మనవరాలు పుట్టింది, మొక్కు తీర్చినా. 3,550 మెట్లూ వంగి లేస్తా ఎక్కితే నడుం పట్టేసింది గానీ ఆ సంతోషం ముందు అదెంత.

మొన్న మళ్లీ దర్శనానికి పోయినా. గర్భగుడి ముందు ద్వారపాలకులు జయవిజయుల దగ్గరికి రాగానే ఎప్పుడూ గబగబా కోరికలు చెప్పుకునేదాన్ని. ఈసారి చెప్పుకునేదేమీ లేదు. ఊరికే చూస్తా నిలబడితే, ఇంతకాలం పరిచయం లేని మనిషిని చూసినట్టనిపించింది. అప్పట్నుంచి ఒకటే ఆలోచన. ఏమీ ఆశించకుండా ఆయన్ని ప్రేమించడం సంసారంలో ఉండేవాళ్లకు అయ్యే పనేనా? పెద్దలు చెప్పండి.

చిత్తూరు తెలుగు పండితుడు:
అమ్మా, మీరు నిలబడిన చోటికి ఎదురుగానే జవాబుంది. అక్కడ గర్భగుడి గడపను కులశేఖరపడి అంటారు, పడి అంటే మెట్టు. విష్ణుభక్తులైన ఆళ్వార్లలో ఒకరైన కులశేఖరాళ్వారు చేర దేశపు రాజు. ఏనుగులు, సిరిసంపదలు, రాజ్యం అన్నీ ఉన్నవాడు. ఆయన ఈ కొండ మీద కోరుకున్నదేమిటో చూడండి: కోనేట్లో కొంగగా పుట్టాలి, చేపగా పుట్టాలి, సంపెంగ చెట్టుగా నిలబడాలి. ఆఖరికి గుడి వాకిట్లో మెట్టుగా పడి ఉండి, అందరూ తొక్కుతున్నా సరే, నీ పగడాల పెదవి చూస్తుండాలి. అంతటితోనూ ఆగక, ఈ కొండ మీద ఏదో ఒకటైతే చాలన్నాడు. ఆయనకూ కోరిక ఉంది తల్లీ, ఆ కోరికంతా స్వామి దగ్గర ఉండటమే.

ప్రహ్లాదుడైతే వరం కోరుకోమన్న నరసింహస్వామితోనే, ప్రతిఫలం కోసం కొలిచేవాడు సేవకుడు కాడు, వ్యాపారి అన్నాడు. మనసులో కోరికలే మొలవకుండా చూడమన్నాడు.

రేణిగుంట ఆటో:
మాస్టారూ, మీరు చెప్పేది వినేదానికి బాగుంది. బిడ్డకు జొరమొస్తే గోవిందా అని ఆయన్ని అడక్కుండా ఎవర్ని అడగాలి? కష్టంలో ఉన్న ఆర్తుడు, తెలుసుకోవాలనుకునే జిజ్ఞాసువు, సంపద కోరే అర్థార్థి, తత్వం తెలిసిన జ్ఞాని, ఈ నలుగురూ మంచివాళ్లేనని గీతలో కృష్ణుడే అన్నాడని ప్రవచనంలో విన్నా. నేను రైల్వేస్టేషన్ నుంచి కొండకు పోయేవాళ్లను రోజూ చూస్తా. సగం మంది కళ్లల్లో నీళ్లే. వాళ్లను వ్యాపారులంటే నా మనసొప్పదు.

చిత్తూరు తెలుగు పండితుడు:
నాయనా, నువ్వన్నది నిజం, ఏడో అధ్యాయంలోనే ఉంది. నలుగురూ ఉదారులే, జ్ఞాని మాత్రం నా ఆత్మే అన్నాడు. ప్రహ్లాదుడు కూడా, అంత మాట అన్న తర్వాత, నాన్న పాపం పోవాలని అడిగాడు. పక్కవాడి కోసం అడగడాన్ని నేను బేరం అనను.

కాళహస్తి కోడలు:
అక్కా, మాకు కన్నప్ప కథ చాలు. అడవిలో శివయ్య ఒక్కడే ఉన్నాడే, ఆకలేస్తుందేమో, మృగాలొస్తాయేమో అని ఆ బోయవాడి దిగులు. లింగం కంట్లో నెత్తురు కారితే తన కన్ను పెకలించి పెట్టినాడు. రెండో కన్నూ కారితే, చూపు పోతే చోటు తెలియదని కాలు ఆనించి గుర్తు పెట్టుకున్నాడు. నాకేమిస్తావని ఎక్కడా అడగలేదు. ఆయనకు నొప్పెడుతోందనే ఏడుపంతా.

మీరు కూడా ఆయనకేం కావాలో చూడండి. కొండ మీద భక్తులు ఉచితంగా పనిచేసే శ్రీవారి సేవలో చేరి, వెంగమాంబ అన్నప్రసాదం దగ్గర కూరగాయలు తరగండి, వడ్డించండి. స్వామి మీద పద్యాలు రాసిన ఆ వెంగమాంబ తల్లీ మన తరిగొండ మనిషే. ఈరోజుకీ రాత్రి స్వామిని నిద్రపుచ్చే ఏకాంత సేవలో ఆవిడ పేరున ముత్యాల హారతి ఇస్తున్నారు. చేతులు ఆయన పనిలో పడితే, ఏం మాట్లాడాలనే బెంగ ఉండదు.

అలిపిరి అమ్మమ్మ:
మాస్టారుగారూ, మీకు నమస్కారం. ఆటో నాయనా, నా కడుపు చల్లబడింది. చెల్లీ, కూరగాయలు తరగడం నాకు బాగా వచ్చు. ఒక్కదాన్నే పేరియ్యొచ్చా, గుంపుగానే పోవాలా?