ఆర్టీరియల్ లైన్ పెట్టిన తర్వాత అమ్మ వేళ్లు నల్లబడుతున్నాయి, సలహా కావాలి

మాది శ్రీకాకుళం జిల్లా పలాస. రక్తంలో ఇన్ఫెక్షన్‌తో ఐసీయూలో ఉన్న మా అమ్మకు, బీపీని ఎప్పటికప్పుడు గమనించేందుకు కుడి మణికట్టు దగ్గరి రేడియల్ ధమనిలో సన్నని గొట్టం పెట్టగా, తర్వాత చెయ్యి చల్లబడి బొటనవేలు, చూపుడువేలు కొసలు నల్లబడ్డాయి. గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడం లేదు. గొట్టం తీసేసి, రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ ఇస్తున్నారు. మణికట్టులో చిటికెనవేలి వైపున్న అల్నార్ ధమని నుంచి కూడా చేతికి రక్తం అందుతుంది కనుక ఇలా జరగడం అరుదని, అయితే బీపీ నిలబెట్టే నార్‌ఎడ్రినలిన్ రక్తనాళాలను బిగిస్తుందని, దాన్ని ఒక్కసారిగా ఆపలేమని డాక్టరుగారు ఓపికగా వివరించారు. ఆయన మాట సబబుగానే తోచింది.

ఈ స్థితిలో అమ్మను విశాఖపట్నంలోని వాస్క్యులర్ సర్జన్ (రక్తనాళాల శస్త్రవైద్యుడు) దగ్గరకు వెంటనే తరలించడం మేలా, లేక బీపీ కుదుటపడేవరకు ఇక్కడే ఉంచి, రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ పరీక్ష చేయించి, ఆ ఫలితాన్ని ఆ సర్జన్‌కు ఫోనులో చూపించడం మేలా? నల్లబడిన భాగానికి హద్దు స్పష్టంగా తేలేవరకు వేలు తీయకుండా ఆగవచ్చా? జీడిపప్పు పొట్టు తీసే పనంతా అమ్మకు ఆ రెండు వేళ్లతోనే. తెలిసిన వైద్యులు, ఇలాంటిది ఇంట్లో చూసినవారు దయచేసి చెప్పగలరు.