చైనా వెళ్ళే ముందు మాండరిన్ మాటలు నేర్చుకోవాలా, ఫోన్ ఉంటే చాలా?

బందరు రోడ్డు:
మాది విజయవాడలో తాళాలు, తలుపు హ్యాండిళ్ళ హార్డ్‌వేర్ షాపు. అక్టోబర్ 15న మొదలయ్యే కాంటన్ ఫెయిర్ అనే వ్యాపార ప్రదర్శనకి గ్వాంగ్‌జౌ వెళ్తున్నాను. అక్కడినుంచి రైల్లో యీవూ హోల్‌సేల్ మార్కెట్‌కి. మా మామయ్యగారు కూడా వస్తున్నారు, ఆయన గుడ్డు కూడా ముట్టరు. ఇంకా నెల పైన టైముంది కాబట్టి రోజూ షాపు కట్టేశాక ఓ అరగంట కూర్చుని నాలుగు మాండరిన్ మాటలు నేర్చుకుందామని నా ఉద్దేశం. మా బావమరిది మాత్రం “ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ ఉండగా ఈ వయసులో ఈ చదువులేంటి బావా” అని నవ్వుతున్నాడు. ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి, ఆ అరగంట దండగేనా? ఇంకో డౌటు, గ్వాంగ్‌జౌలో కాంటనీస్ కదా మాట్లాడేది? అక్కడ మాండరిన్ చెల్లుతుందా?

గచ్చిబౌలి గణపతి:
మీ బావమరిదికి నా ఓటు. మాండరిన్‌లో ఒకే అక్షరం నాలుగు స్వరాల్లో పలికితే నాలుగు అర్థాలు. ‘మాయ్’ అనే మాట ఒక స్వరంలో కొనడం, ఇంకో స్వరంలో అమ్మడం. నెల రోజుల్లో అది నోటికి పట్టదు, పట్టినట్టు అనిపిస్తుందంతే. అక్కడ చిన్న కొట్టువాళ్ళు కూడా మీరు నోరు తెరిచేలోపే తమ ఫోన్ తీసి అందులో మాట్లాడి తెర మీ ముందు పెడతారు. మెనూ మీద కెమెరా పెడితే చదివేస్తుంది. మెట్రో బోర్డులు ఇంగ్లీషులో ఉంటాయి, స్పీడ్ రైళ్ళలో అనౌన్స్‌మెంట్లు కూడా ఇంగ్లీషులో వస్తాయి. 2023 నుంచి అక్కడ ఫోన్‌తో డబ్బు కట్టే యాప్‌లు అలీపే, వీచాట్ రెండూ విదేశీ వీసా, మాస్టర్ కార్డులు తీసుకుంటున్నాయి కాబట్టి చిల్లర లెక్కల గొడవ కూడా లేదు. ఆ అరగంట స్టాల్స్ లిస్టు తయారు చేసుకోవడానికి వాడండి.

కాంటనీస్ గురించి టెన్షన్ వద్దు. గ్వాంగ్‌జౌలో ఇళ్ళలో అది మాట్లాడతారు, బయటివాళ్ళతో మాండరినే. డ్రైవర్లు, హోటల్ కుర్రాళ్ళలో చాలామంది వేరే రాష్ట్రాలనుంచి వచ్చినవాళ్ళే, వాళ్ళకి కాంటనీస్ రాదు.

స్టెత్ సుబ్బు:
గణపతి గారూ, మీరు చెప్పినవన్నీ మీరు మాట్లాడటం గురించి. అవతలివాళ్ళు మాట్లాడితేనో? నేను అక్కడ ఎంబీబీఎస్ చదివినవాణ్ణి. టాక్సీ సంగతే తీసుకోండి. యాప్‌లో బుక్ చేస్తారు, చాట్ అయితే అదే అనువాదం చేసి చూపిస్తుంది, బానే ఉంది. కానీ డ్రైవర్ చాట్ చేయడు, కాల్ చేస్తాడు. మీరు గేటు 3 దగ్గర ఉంటారు, అతను గేటు 5 దగ్గర. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అదే ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ ఎలా తెరుస్తారు? ఎక్కాక “వెయ్ హావ్ త్వో షావ్?” అంటాడు. మీ ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలు చెప్పమని. అవి మీ నోటితో చెప్పగలిగితే రెండు సెకన్ల పని.

అందుకే నా దృష్టిలో మొదట నేర్చుకోవాల్సింది “నీ హావ్” (నమస్తే) కాదు, అంకెలు. యీ, అర్, సాన్, స్, వూ, ల్యో, ఛీ, పా, చ్యో, షర్. సున్నాకి లింగ్. ఫోన్ నంబర్లు, రూమ్ నంబర్లు చెప్పేటప్పుడు ఒకటిని యీ అనరు, యావ్ అంటారు. ఏడుతో కలిసిపోకుండా. ధర చెప్పేటప్పుడు యువాన్ అనే మాట దాదాపు వినపడదు, అందరూ ఖ్వాయ్ అంటారు. “షర్ అర్ ఖ్వాయ్” అంటే 12 యువాన్లు. ఇది చెవికి తెలిస్తే సగం చైనా తెలిసినట్టే.

పప్పుచారు:
అందరూ టాక్సీల దగ్గరే ఆగిపోయారు, పాపం ఆ పెద్దాయన తిండి సంగతి ఎవరూ చూడటం లేదు. నేను శాకాహారిని, అక్కడ ఉద్యోగం చేశాను, కాబట్టి చెప్తున్నా. “పూ యావ్ రో” అంటే మాంసం వద్దు అని. నెట్‌లో ప్రతివాళ్ళూ నేర్పే మాట ఇదే, మోసపోయేదీ దీనితోనే. ‘రో’ అని ఊరికే అంటే వాళ్ళకి ముందు గుర్తొచ్చేది పంది మాంసం. అది తీసేసి ఎండు రొయ్యలు చల్లి తెస్తే వాళ్ళ తప్పేం లేదు. “వో ఛర్ సూ” అనండి, నేను శాకాహారం తింటాను అని. బౌద్ధుల వల్ల ఆ పద్ధతి వాళ్ళకి తెలుసు కాబట్టి మీరు చెప్పేది ఒక నియమం అని అర్థమవుతుంది.

అయినా వంటమనిషి పందికొవ్వులో ఆకుకూర వేయించడం, పైన ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ పోయడం జరుగుతూనే ఉంటుంది. మెనూ మీద కెమెరా పెడితే “చేప వాసన వంకాయ” అని వస్తుంది. నిజానికి అందులో చేప ఉండదు. చాలా చోట్ల పంది కీమా ఉంటుంది! యాప్ ఆ సంగతి చెప్పదు. మాపో తోఫు కూడా చూడ్డానికి మన పనీర్ కూరలా అమాయకంగా ఉంటుంది, కీమా లేకుండా చేసేవాళ్ళు తక్కువ.

నా సలహా ఏంటంటే మాటా వద్దు, యాప్ కూడా వద్దు. మాంసం, చేప, రొయ్య, గుడ్డు, పందికొవ్వు, ఆయిస్టర్ సాస్, మాంసం ఉడికించిన నీళ్ళు, ఇవేవీ తినను అని చైనీస్‌లో పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి, ఆ భాష చదివేవాళ్ళతో ఒకసారి చూపించుకుని, మామయ్యగారి జేబులో పెట్టండి. ఆయనే తీసి చూపిస్తారు, మీ మీద ఆధారపడక్కర్లేదు. బౌద్ధ ఆలయాల చుట్టుపక్కల శాకాహార హోటళ్ళు ఉంటాయి, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయనివి. బయట హోటల్ అయితే తురిమిన బంగాళాదుంప వేపుడు అడగండి, ‘థూ తో స్’. పుల్లగా కారంగా అన్నంలోకి బాగుంటుంది.

గచ్చిబౌలి గణపతి:
పప్పుచారు గారు నా వాదనే గెలిపించారు. ప్రింటు కాగితం అంటే తెర మీద అక్షరాల్లాంటిదే కదా. నోటితో చెప్పడం కన్నా చూపించడం నయం అనే కదా నేనూ అంటున్నది.

పప్పుచారు:
తేడా ఉందండీ. కాగితం వంటింట్లోకి వెళ్తుంది, మీ ఫోన్ వెళ్ళదు. సర్వర్ దాన్ని తీసుకెళ్ళి వంటవాడి ముందు పెడతాడు.

మంచిమాట:
“నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది” అన్నారు. వాళ్ళ భాషలో రెండు ముక్కలు మాట్లాడితే ఎంత సంతోషిస్తారో! భాష నేర్చుకోవడం ఎదుటివారి సంస్కృతికి మనమిచ్చే గౌరవం.

సామాన్ల షాపు:
మంచిమాట గారూ, గౌరవం సరే. బేరం దగ్గర గౌరవం లెక్కలోకి రాదు. నేను యీవూ మార్కెట్‌కి సరుకు కోసం పోయేవాడినే, వరంగల్‌లో ఫ్యాన్సీ షాపు. బందరు రోడ్డు అన్నా, ఒక్క మాట విను. వచ్చీరాని చైనీస్ మాట్లాడితే ఏమైతది అంటే, ఆమె నీకు మొత్తం వచ్చనుకుని గడగడ చెప్పుడు మొదలు పెడుతది. నువ్వు తల ఊపుతవ్. ఆర్డర్ రాసేస్తది. అందుకే కొట్లో కాలిక్యులేటర్ తప్ప ఇంకేం వద్దు. ఆమె నొక్కి చూపిస్తది, నువ్వు కొట్టేసి నీది నొక్కు. ఆ మార్కెట్‌లో అందరు దేశాలోళ్ళు అట్లనే చేస్తరు.

నాకు పనికొచ్చింది మూడే మాటలు. “థాయ్ క్వెయ్ ల”, చాలా ఎక్కువ అని. “యీ శ్యాంగ్ త్వో షావ్ క?”, ఒక కార్టన్‌లో ఎన్ని పీసులు అని. ఇది మాత్రం అడగాలె, ఎందుకంటే ధర పీసుకు చెప్తరు, అమ్మేది కార్టన్ లెక్కన. ఇంకోటి “మెయ్ యో”, లేదు అని. ఇది నువ్వు అనేది కాదు, వినేది. రంగు అడిగితే మెయ్ యో, సైజు అడిగితే మెయ్ యో. ఇది విన్నాక ఎదురుచూడకుండా పక్క కొట్టుకు పో.

స్టెత్ సుబ్బు:
“నువ్వు అనేది కాదు, వినేది” అన్నారు చూడండి, మొదటినుంచీ నేనంటున్నదీ అదే. ‘థింగ్ పు తొంగ్’ కూడా కలుపుకోండి, వింటున్నా కానీ అర్థం కావట్లేదు అని. తల ఊపకుండా అది అంటే ఆర్డర్ రాసేయరు.

బందరు రోడ్డు:
అందరికీ థాంక్స్. సుబ్బు గారూ, ఒక డౌటు. ఒకటికి యావ్ అన్నారు. పప్పుచారు గారు పూ యావ్ అంటే వద్దు అన్నారు. మరి ఆ యావ్, ఈ యావ్ ఒకటేనా? తెలుగులో రాసుకుంటే రెండూ ఒకేలా ఉన్నాయి.

ఒత్తక్షరం:
నేను పిల్లలకి ఆన్‌లైన్‌లో మాండరిన్ చెప్తాను. రెండూ వేరు. ఒకటి అనే యావ్ పైస్థాయిలో తిన్నగా సాగుతుంది, వద్దులోని యావ్ పైనుంచి కిందికి పడుతుంది. మొత్తం నాలుగు స్వరాలు, ఒకటి తిన్నగా, ఒకటి పైకి, ఒకటి కిందికి దిగి లేచేది, ఒకటి పడిపోయేది. వినపడనప్పుడు మనం “ఆఁ?” అంటాం కదా, అది రెండో స్వరం. “పో!” అని కసిరితే నాలుగోది. అవి మన గొంతులో లేనివేమీ కాదు.

అసలు నేను చెప్పదలచుకున్నది వేరే. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన చైనీస్ చూసి నేర్చుకోకండి. 1958లో వాళ్ళు తెచ్చిన ఆ పద్ధతి పేరు పిన్‌యిన్. అందులో బి అని రాసిన చోట పలికేది మన ప. పి అని రాసిన చోట ఒత్తు ఫ, ఫలంలోది, ఫ్యాన్‌లోది కాదు. డి అంటే దాదాపు త, జి అంటే క, జే అంటే చ. అంటే బీజింగ్‌ని వాళ్ళు పలికేది పెయ్‌చింగ్‌కి దగ్గరగా ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ ఏళ్ళ తరబడి తంటాలు పడతారు, మనకి ఆ ఒత్తులు అక్షరమాలలోనే ఉన్నాయి. ఇంకా చిత్రం, జెడ్ అని రాసే శబ్దం మన ‘చాప’, ‘చలి’లోని చ. ఎక్కడ అని అడగాలంటే ‘చాయ్ నా లి’, అందులో చ చాపలోది పలకండి, టీ చాయ్‌లోది కాదు. బాత్రూమ్ ఎక్కడ అని అడగాలంటే “శీ షో చ్యెన్ చాయ్ నా లి”.

గచ్చిబౌలి గణపతి:
మాస్టారూ, ఒత్తులు అక్షరమాలలో ఉన్నాయి, నోట్లో ఉన్నాయా? ఖర్చుని కర్చు అనేవాళ్ళమే కదా సగం మందిమి. పైగా నాలుగు ‘స్’, పది ‘షర్’. దక్షిణ చైనాలో చాలామంది ష ని కూడా స అనే పలుకుతారు. 4, 14, 40, 44, గ్వాంగ్‌జౌ కొట్టులో వినండి, తల ప్రాణం తోకకొస్తుంది.

ఒత్తక్షరం:
అలా పలికినా నాలుగు పడుతుంది, పది లేస్తుంది. కొత్త చెవికి కష్టమే, కాదనను. అందుకే వాళ్ళలో వాళ్ళు కూడా చెయ్యి చూపిస్తారు. ఒంటి చేత్తో పది దాకా చూపించే పద్ధతి ఉంది. ఐదు దాకా మనలాగే. బొటనవేలు, చిటికెనవేలు చాపితే ఆరు. బొటనవేలు, చూపుడువేలు చాపితే ఎనిమిది, మనకి రెండు అనిపిస్తుంది, జాగ్రత్త! పదికి కొన్నిచోట్ల పిడికిలి, కొన్నిచోట్ల రెండు చూపుడువేళ్ళు అడ్డంగా. కూరగాయల బజారులో ఇది చాలా వాడతారు.

సామాన్ల షాపు:
ఈ ఎనిమిది సంగతి నిజం. మా దోస్తు రెండు కార్టన్లనుకున్నడు, ఎనిమిది వచ్చినయ్.

స్టెత్ సుబ్బు:
రైలు గురించి ఎవరూ చెప్పలేదు. తొంగ్, నాన్, శీ, పెయ్: తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం. మనకి సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ ఉన్నట్టు అక్కడా ఒక ఊరికి నాలుగైదు స్టేషన్లు, పేర్లు మాత్రం దిక్కులు. గ్వాంగ్‌జౌ వేరు, గ్వాంగ్‌జౌనాన్ వేరు, గ్వాంగ్‌జౌతొంగ్ వేరు. మెట్రో బోర్డు మీద గ్వాంగ్‌జౌ సౌత్ అని ఉంటుంది, రైలు టికెట్ మీద మాత్రం నాన్ అని చైనీస్ పేరే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. రెండూ ఒకటేనని తెలియక సామాన్లతో నిలబడిపోయినవాళ్ళని చూశాను. ఒక స్టేషన్‌నుంచి ఇంకో దానికి గంట పట్టొచ్చు, రైలు ఆగదు. టికెట్ పాస్‌పోర్ట్ మీదే బుక్ అవుతుంది, గేటు దగ్గర మనుషులున్న లైన్లోకి వెళ్ళి పాస్‌పోర్ట్ చూపించండి.

ఒంట్లో బాగోకపోతే అంబులెన్స్ 120, మన 108 కాదు. పోలీసు 110. పెద్దవాళ్ళతో వెళ్తున్నారు కాబట్టి చెప్తున్నా.

గచ్చిబౌలి గణపతి:
120కి ఫోన్ చేసి నేర్చుకున్న ముక్కలతో ఏం చెప్తారు డాక్టరు గారూ? గుండెనొప్పి అనా?

స్టెత్ సుబ్బు:
చెప్పలేరు. హోటల్ రిసెప్షన్‌తో చేయించాలి. బయట ఉంటే పక్కనున్నవాళ్ళకి ఫోన్‌లో 120 నొక్కి చేతికివ్వాలి. మామయ్యగారు వాడే మందుల పేర్లు, హోటల్ చిరునామా చైనీస్‌లో ఆ జేబు కాగితం వెనకే రాయండి. ఇక్కడ మీ యాప్ కూడా అంతంతమాత్రమే, ఒప్పుకోండి.

గచ్చిబౌలి గణపతి:
ఇది ఒప్పుకుంటాను. కానీ మిగతాదాంట్లో నా మాట నాదే. నాలుగు స్వరాలకి కేటాయించే అరగంట కన్నా, ఫోన్ సరిగ్గా సిద్ధం చేసుకోవడానికి ఒక్క సాయంత్రం చాలు. బందరు రోడ్డు గారూ, అక్కడ హోటల్ వైఫైలో గూగుల్ తెరుచుకోదు, వాట్సాప్ కూడా అంతే. మన సిమ్ రోమింగ్‌లో ఉంటే మామూలుగా తెరుచుకుంటాయి. అయినా చైనీస్ ఆఫ్‌లైన్ ప్యాక్ విజయవాడలోనే డౌన్‌లోడ్ చేసుకోండి, అలీపేలో కార్డు ఇక్కడే ఎక్కించి పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ కూడా ఇక్కడే చేసుకోండి. ఓటీపీ అక్కడ రాకపోతే చచ్చే చావు. పవర్ బ్యాంకు మీద త్రీ సీ (CCC) అనే చైనా భద్రతా ముద్ర లేకపోతే వాళ్ళ దేశీయ విమానాల్లో ఎక్కనివ్వరు, 2025 జూన్ నుంచి ఆ రూలు. మీరు రైల్లోనే కదా, పర్లేదు.

బందరు రోడ్డు:
రాసుకున్నాను. మా మామయ్యగారు ఇదంతా చదివించుకుని విని, అంకెలు తనే నేర్చుకుంటానంటున్నారు. ఒత్తక్షరం గారూ, ఆయన అడుగుతున్నారు, ఏడుకి ఛీ అనాలా చీ అనాలా?

ఒత్తక్షరం:
ఒత్తుతో, ఛీ. కానీ తిన్నగా సాగదీయమనండి, కసిరినట్టు కాదు.