పది నెలలకే ఖాళీ చేస్తానంటే అడ్వాన్స్ ఇవ్వనంటున్నాడు

మియాపూర్ కిరాయిదారు: పొద్దున్నుంచీ అగ్రిమెంటు నాలుగుసార్లు చదివాను, తల వాచిపోయింది. నాకు బెంగళూరు ట్రాన్స్‌ఫర్. ఓనర్‌కి చెప్తే "పదకొండు నెలలు రాసుకున్నాం, అడ్వాన్స్ సంగతి మర్చిపో" అంటున్నాడు. రెండు నెలల కిరాయి, 44 వేలు! అలా ఉంచేసుకోవచ్చా?

నల్లగండ్ల ఓనర్: నోటీసు ఎన్నాళ్లని రాసుంది? లాకిన్, అంటే ఇన్ని నెలల లోపు ఖాళీ చేయకూడదన్న షరతు, ఉందా?

కాగితం పురుగు: అసలు ఈ పదకొండు నెలల తతంగం దేనికో తెలుసా? కేంద్ర చట్టం ప్రకారం ఏడాది దాటే లీజుని రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఊరంతా 11 నెలలు రాసుకుంటుంది.

కూకట్‌పల్లి కుర్రోడు: లీజు అంటే ఒకేసారి లక్షలిచ్చి, నెలనెలా కిరాయి లేకుండా ఉండటం కదా? ఈయనది రెంట్.

కాగితం పురుగు: అది మన వాడుక. 1882 ఆస్తి బదిలీ చట్టంలో నెల కిరాయి కూడా లీజే.

కూకట్‌పల్లి కుర్రోడు: టులెట్ బోర్డు మీద అలా రాయరు బాబాయ్. సరే గానీ, కిరాయి గొడవలు చూసే రెంట్ కంట్రోలర్ దగ్గరికి పోతే?

కాగితం పురుగు: హైదరాబాద్‌లో కిరాయి నెలకి 3,500 దాటితే ఆ 1960 రెంట్ కంట్రోల్ చట్టం వర్తించదు. ఈ రోజుల్లో ఆ కిరాయికి ఇల్లెక్కడుంది?

మియాపూర్ కిరాయిదారు: నా సంగతి చూడండి సార్! లాకిన్ లేదు. 9వ పాయింటులో "ఇరువైపులా ఒక నెల నోటీసు" అనుంది.

నల్లగండ్ల ఓనర్: ఇది ముందే చెప్పాలి కదా. నోటీసు ఇచ్చావా?

మియాపూర్ కిరాయిదారు: పోయిన వారం ఫోన్‌లో చెప్పాను.

నల్లగండ్ల ఓనర్: ఫోన్ చెల్లదు. సంతకం పెట్టి స్పీడ్ పోస్టులో పంపు, ఆయనకి అందిన రోజు నుంచి లెక్క. ఆ నెల కిరాయి కట్టెయ్, అడ్వాన్స్‌లో సర్దుకోమనకు. నేనూ ఓనర్‌నే, కానీ 9వ పాయింటు రాసుకుని మొత్తం మింగేస్తాననడం అన్యాయం. పెయింటింగ్ పేరుతో ఎలాగూ కోస్తాడు. స్టవ్ వెనక జిడ్డు గోడ, టీవీ బోల్టు రంధ్రాలు, కరెంటు మీటరు రీడింగు, అన్నీ తాళం ఇచ్చే ముందే ఫొటోలు తీసుకో.

పంచాంగం పిన్ని: సామాను ఎప్పుడు దించుతున్నావు నాయనా? మూఢం చూసుకో.

మియాపూర్ కిరాయిదారు: మూఢం కంపెనీ వాళ్లకి తెలీదండీ. రేపే పోస్టు వేస్తా, థ్యాంక్స్. ఇంతకీ గేటుకి అప్పుడే టులెట్ బోర్డు కట్టేశాడు, 26 వేలట!

నల్లగండ్ల ఓనర్: ఆ బోర్డు కూడా ఫొటో తీయ్.

కూకట్‌పల్లి కుర్రోడు: రెండు బెడ్‌రూములేనా? కార్ పార్కింగ్ ఉందా?