అప్‌డేట్: జటాయువు రెక్క పగుళ్లు ఆగాయి, ఇప్పటికైతే

రెండు వారాల క్రితం అడిగాను కదా, ఇనుప తీగ మీద కాగితపు గుజ్జుతో చేస్తున్న జటాయువు బొమ్మకి రెక్క మొదట్లో పగుళ్లు వస్తున్నాయని. సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్. తప్పు నాదే. గుజ్జు ఒకేసారి వేలు మందాన మెత్తేశాను. పైన గట్టిపడింది, లోపల తడి అలాగే ఉంది. పైగా నున్నటి తీగకి గుజ్జు పట్టనే లేదు, గోటితో లాగితే పెంకులా ఊడొచ్చింది.

ఈసారి ముందు తీగకి పురికొస చుట్టాను. చింతగింజల పిండి వాడమన్న అక్కా, మీ మాట బంగారం! కొండపల్లి బొమ్మలకి వాడే మక్కులాగే, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి పలచగా పూశాను. ఒక పూత పూర్తిగా ఆరాకే రెండోది. ఓపిక పట్టడమే కష్టం, రోజుకి పదిసార్లు వెళ్లి తట్టి చూసేదాన్ని.

ఈకలకి తాటాకు చీలికలు. రావణుడు నరికిన చోట కొబ్బరి పీచుని ఎర్రమట్టిలో ముంచి అతికించాను. అమ్మ చూసి "కోడిని పీకినట్టుందే" అంది. నాకు మాత్రం అక్కడే నచ్చింది. లేపాక్షిలో బండ మీది జటాయువు ఠీవిగా ఉంటాడు. నావాడు నేలకూలి రాముడి కోసం చూస్తున్నవాడు.

ఒక్క టెన్షన్ మిగిలింది, పురుగు. మైలుతుత్తం కలపమన్నారు కానీ అది విషం, ఇంట్లో చంటిపిల్ల ఉంది, వద్దనుకున్నాను. వార్నిష్ ఒక్కటే సరిపోతుందో లేదో వానలు పడ్డాక చెబుతాను.