అప్‌డేట్: కెనడాలో భాగస్వామి స్పాన్సర్‌షిప్, ఇన్‌ల్యాండ్‌కే వెళ్తున్నాం

భాగస్వామి స్పాన్సర్‌షిప్ ద్వారా పీఆర్ (శాశ్వత నివాస హక్కు)కు వేస్తున్నాం. వర్క్ పర్మిట్ గడువు దగ్గరపడుతోంది, ఉద్యోగం ఆగకూడదు, ఇన్‌ల్యాండా (కెనడాలో కలిసి ఉంటూ వేసేది) ఔట్‌ల్యాండా (ప్రధానంగా బయట ఉన్నవాళ్ల కోసం, లోపల ఉన్నవాళ్లూ వేయొచ్చు) అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ఇద్దరం ఇక్కడే కలిసి ఉంటున్నాం, దూర ప్రయాణాలేవీ లేవు కాబట్టి ఇన్‌ల్యాండ్ ఎంచుకున్నాం. ఇందులో తిరస్కరిస్తే ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కు వెళ్లే హక్కు ఉండదు, ఔట్‌ల్యాండ్‌లో ఉంటుంది. దేశం దాటాల్సిన అవసరం ఉన్నవాళ్లు ఔట్‌ల్యాండే చూసుకోండి. తిరిగి రానివ్వకపోతే ఇన్‌ల్యాండ్ దరఖాస్తు దెబ్బతింటుంది.

ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ యజమాని దగ్గరైనా పని చేయనిచ్చేది) 2023 నుంచి కెనడాలోనే ఉన్న ఔట్‌ల్యాండ్ వాళ్లకూ ఇస్తున్నారు, కాబట్టి పని కోసమే ఇన్‌ల్యాండ్ ఎంచుకోనక్కర్లేదు.

అసలు కీలకం తేదీలు. పీఆర్ దరఖాస్తు అందినట్టు ఉత్తరం వచ్చాక ఆ వర్క్ పర్మిట్ కోసం ఐఎంఎం 5710 ఫారం ఆన్‌లైన్‌లో వేయాలి. ఫీజు 155, దానిపై ఓపెన్ పర్మిట్‌కు 100, మొత్తం 255 డాలర్లు. పాత పర్మిట్ ముగియకముందే వేస్తే నిర్ణయం వచ్చేదాకా పాత షరతులతోనే పని చేసుకోవచ్చు. అంటే క్లోజ్డ్ పర్మిట్ ఉన్నవాళ్లు ఆ యజమాని దగ్గరే. ఆ మధ్యలో దేశం దాటితే తిరిగొచ్చాక కొత్త పర్మిట్ వచ్చేవరకు పని చేసే హక్కు పోతుంది.

ఒక సంతకమో, ఒక పత్రమో తగ్గినా పీఆర్ ఫైలు మొత్తం వెనక్కి వస్తుంది, అందినట్టు ఉత్తరం రాదు. అందుకే గడువుకు నెలల ముందే పంపండి.