బేస్ క్లారినెట్‌కి మామూలు క్లారినెట్ కూడా రావాలా?

ఒంగోలు రీడు:
అన్నలూ, పెళ్లి బ్యాండులో టెనర్ శాక్స్ వాయిస్తా. చర్చి పాటల కోసం బేస్ క్లారినెట్ (మామూలుదానికన్నా పెద్దది, మంద్రంగా పలికేది) చేతికొచ్చింది. కింది స్వరాలు బాగా పలుకుతున్నాయి, పైకి పోతే గీపెడుతోంది. ముందు మామూలు క్లారినెట్ నేర్వాలా, నేరుగా దీని మీదే కూర్చోవచ్చా?

కావలి క్లారినెట్:
చిన్నది, అంటే మామూలు క్లారినెట్ కూడా నేర్చుకో తమ్ముడూ. నొటేషన్ చదవడంలో నీకు ఇబ్బంది లేదు, ట్రెబుల్ క్లెఫ్‌లో రాసిన బేస్ పార్టు టెనర్ పార్టులాగే రాసినదానికన్నా మేజర్ నైన్త్ (ఒక స్థాయి, ఆపైన ఇంకో పూర్తి స్వరం) కిందికి పలుకుతుంది. చిక్కు వేళ్లది. శాక్స్‌లో ఆక్టేవ్ కీ నొక్కితే అదే స్వరం పైస్థాయిలో వస్తుంది. క్లారినెట్‌లో పై స్వరాలకు మార్చే మీట, అంటే రిజిస్టర్ కీ నొక్కితే పన్నెండో స్వరం, అంటే కింది ఎఫ్ కాస్తా పై సి అవుతుంది. బి ఫ్లాట్ నుంచి బి కి దాటేటప్పుడు వేళ్లన్నీ ఒక్కసారే మూయాలి. చిన్నదానికి తెరిచిన రంధ్రాలు కాబట్టి వేలు జరిగితే వెంటనే కీచుమని చెబుతుంది. బేస్‌కి ప్యాడ్ మూతలు, ఆ తప్పు దాగిపోతుంది. రోజూ కింది ఎఫ్ నాలుగు లెక్కలు ఊది, పెదవి కదపకుండా రిజిస్టర్ కీ మాత్రం తెరువు. ఎఫ్ నుంచి పైకి ఒక్కో స్వరం అలాగే చెయ్యి.

నెల్లూరు రిపేరు:
అంతకుముందు వాద్యం చూడండి. బేస్‌కి రిజిస్టర్ రంధ్రాలు రెండు. పై ఇ ఫ్లాట్ వరకు కిందిది, ఇ నుంచి పైది తెరుచుకోవాలి. మార్చేది కుడిచేతి ఉంగరపు వేలు. రిజిస్టర్ కీ నొక్కి ఉంచి ఆ వేలు ఎత్తండి, దించండి. రెండూ ఒకేసారి తెరుచుకున్నా, ఒకటి సగమే మూసుకున్నా ఎంత సాధకుడికైనా గీపెడుతుంది. రెండు ముక్కల వాద్యమైతే బిగించేటప్పుడు కీలు పట్టుకుని తిప్పితే నడుమ రెండు ముక్కల కీలను కలిపే లింకు వంగిపోతుంది. చాలాసార్లు జబ్బు అక్కడే. చీకటి గదిలో లోపలికి సన్నని లైటు దించితే ప్యాడ్ల దగ్గర కారేచోటు కనబడుతుంది. ఈ ఎండల్లో పెట్టెను కారులో వదలొద్దు.

ఒంగోలు రీడు:
ఇ ఫ్లాట్ వస్తోంది, ఇ దగ్గరే గురగురమంటోంది.

నెల్లూరు రిపేరు:
అయితే ముందు ఆ లింకు, దాని కార్కు చూపించండి.

కందుకూరు బేస్:
ఆర్కెస్ట్రా ఉద్యోగమే కోరుకుంటే రెండూ రావాల్సిందే. 1913 నాటి స్ట్రావిన్‌స్కీ ఆర్కెస్ట్రా రచన 'రైట్ ఆఫ్ స్ప్రింగ్'లో మూడో క్లారినెట్ ఆయనే రెండో బేస్ కూడా అందుకోవాలి. చర్చి పాటలకు అంత అక్కర్లేదు, దాటు నున్నగా వచ్చేదాకా చిన్నది చాలు. దాని పెదవి బిగింపు మాత్రం ఇటు తేవద్దు: బేస్ మౌత్‌పీస్ ఇంకాస్త లోపలికి పెట్టుకుని కింది దవడ వదలాలి, కొరికితే స్వరం నలిగిపోతుంది. పై సి దాటాక చిన్నదాని మీద ఎడమ చూపుడు వేలు ఎత్తేస్తాం. బేస్ మీద ఎత్తకుండా కిందికి జార్చి, ఆ మూతలోని చిన్న రంధ్రం మాత్రమే తెరవాలి.